ప్రతిధ్వని సాక్ష్యము

కుండలు కొనబోయిన ముసలమ్మ ముందుగా ధర యడుగదు. కుండను ఎడమచేత పైకెత్తి, కుడిచేతి వ్రేలి కణుపుతో కొట్టి చెవి యొగ్గును. మ్రోత ఖంగుమన్నచో కుండ గట్టిది. బొంగురుపోయినచో ఎక్కడనో బీట కలదు. ఆ బీట కంటికి కనబడదు. కన్ను కానలేనిదానిని చెవి కనిపెట్టుట మన యిండ్లలో నిత్యము జరుగుచున్న పనియే.

ఆస్ట్రియా దేశమున లియోపోల్డ్ అవెన్‌బ్రుగ్గర్ అను వైద్యుడుండెను. ఆయన తండ్రి గ్రాట్స్ పట్టణమున పూటకూళ్ళ యిల్లు నడపినవాడు. పీపాలో ద్రాక్షసారాయ మెంతవరకు నిలిచియున్నదో పైనుండి తట్టి తెలిసికొనుటను ఆ బాలుడు ఆ యింటనే చూచియుండెనని చెప్పుదురు. పెరిగి పెద్దవాడై వియన్నా నగరమున వైద్యము చేయుచు, రోగి రొమ్మును వ్రేళ్ళకొసలతో తట్టి లోపల నీరు చేరినది లేనిది చెప్పవచ్చునని 1761లో ఆయన ఒక చిన్న గ్రంథమును ప్రకటించెను. నేటికిని వైద్యులు ఆ పద్ధతిని విడువలేదు. అయితే తల రొమ్మువంటిది కాదు. పుఱ్ఱె గట్టి పెట్టె. దానిని పైనుండి ఎంత తట్టినను లోపలి మర్మము బయటపడదు.

మెదడులో పుట్టు కణితులన్నియు ఒక్క తీరువి కావు. కొన్ని మెదడును కప్పియున్న పొరలనుండి పుట్టి, మెదడును ప్రక్కకు నెట్టుచు, పనసతొనలోని గింజవలె విడిగా నుండును. అట్టివానిని చుట్టును ఒలిచి తీయుట చాలవరకు సాధ్యము. గ్లయోమా లనబడునవి వేరుజాతివి. అవి మెదడు కణజాలమునందే పుట్టి, పాలలో నీరువలె దానితో కలిసిపోవును. కణితి ఎక్కడ ముగిసినదో, ఆరోగ్యమైన మెదడు ఎక్కడ మొదలైనదో, మంచి వెలుతురులో సూక్ష్మదర్శినితో చూచుచున్న శస్త్రవైద్యునికి సైతము తెలియని చోట్లుండును. గోరంత తక్కువ తీసినచో మిగిలినది మరల పెరుగును. గోరంత ఎక్కువ తీసినచో రోగి కుడిచేయి పడిపోవచ్చును, మాట పోవచ్చును. రాత్రివేళ మనుమలకు కథలు చెప్పిన తాత, చికిత్స ముగిసి కన్నులు తెరచి, ఎదుట నిలిచిన మనుమని పేరు నోటికి రాక తడబడుట యనగా నేమో ఊహించినగాని ఆ గోరంత విలువ తెలియదు.

ఈ కష్టమును తగ్గించుటకు నేటి వైద్యులు చికిత్సకు ముందే ఎం.ఆర్.ఐ. యంత్రముతో తలలోపలి చిత్రములు తీయుదురు. ఆ చిత్రములను గణనయంత్రములో నుంచి, చేతిలోని పనిముట్టు కొన ఆ చిత్రమున ఎచ్చట నున్నదో చూపు మార్గదర్శక యంత్రములును కలవు. ఊరి పటము చేతబట్టుకొని వీథులు వెదకుట వంటిదే యిది. అయితే ఇక్కడ ఒక చిక్కు కలదు. పుఱ్ఱెలో కిటికీవలె ఒక ముక్కను తొలగించి, దాని క్రిందనున్న వరాశిక అను దళసరి పొరను కోసినంతనే లోపలి మస్తిష్కమేరుద్రవము కొంత కారిపోవును. మెదడు తన బరువుచేతనే క్రుంగును. కణితిని తీయుచుండగా ఏర్పడిన గుంట చుట్టును మరికొంత కదలును. 1998లో అమెరికాలోని డార్ట్‌మత్ పరిశోధకులు 28 శస్త్రచికిత్సలలో కొలిచి చూడగా, మెదడు ఉపరితలము సగటున ఒక సెంటీమీటరు మేర జరిగినట్లు తేలెను. గోరంతకే ప్రాణము కొట్టుకొనుచున్న చోట ఒక సెంటీమీటరనగా ఎంత! పటము మారలేదు గాని ఊరు కదలిపోయినది. కావున నిన్నటి సంగతి కాక, ఈ క్షణమున లోపల ఉన్నది ఉన్నట్లు చెప్పగల సాక్షి కావలెను. అట్టి సాక్షులలో ప్రతిధ్వని యొకటి.

ప్రతిధ్వనితో దారి తెలిసికొను విద్య మనుష్యునికంటె గబ్బిలమునకు ముందు తెలియును. ఇటలీ దేశస్థుడైన స్పల్లన్‌జానీ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1790ల దశకమున, చూపు లేని గబ్బిలము చీకటిలో అడ్డములను తప్పించుకొని ఎగురుననియు, చెవులు మూసినచో తప్పించుకొనలేదనియు కనుగొనెను. ఆ వింతకు కారణము 1938 వరకు తేలలేదు. ఆ యేట అమెరికాలో పియర్స్, గ్రిఫిన్ అను ఇరువురు, గబ్బిలము మన చెవికందని ధ్వనులు చేయుచున్నదని యంత్రముతో విని చూపిరి. క్షణమునకు ఇరువది వేలకు మించిన కంపనములు గల ధ్వని మనుష్యుని చెవికి వినబడదు. దానినే అతిధ్వని యందురు. ఇంగ్లీషు మాటను వాడువారు అల్ట్రాసౌండు అందురు. ఇట్టి ధ్వనిని పుట్టించుటకు సాధనము 1880లోనే దొరకినది. ఆ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున పియరీ క్యూరీ, జాక్ క్యూరీ అను అన్నదమ్ములు, స్ఫటికమువంటి కొన్ని పదార్థములను నొక్కినచో వానియందు విద్యుత్తు పుట్టునని కనిపెట్టిరి. విద్యుత్తును పంపినచో అవి కంపించి ధ్వని పుట్టించును. మొదటి ప్రపంచయుద్ధ కాలమున పాల్ లాంజెవాన్ అను శాస్త్రజ్ఞుడు దీనినే సముద్రములో దాగిన జలాంతర్గాములను పట్టుటకు వినియోగించెను.

నీటిలోని ఓడను పట్టిన ధ్వని తలలోని కణితిని పట్టలేదా యను ఆలోచన పుట్టుట సహజమే. అవెన్‌బ్రుగ్గర్ పుట్టిన ఆ ఆస్ట్రియాయందే కార్ల్ డస్సిక్ అను నరముల వైద్యుడు, తలకు ఒకప్రక్కనుండి అతిధ్వనిని పంపి, రెండవప్రక్క దానిని అందుకొని, ఎంత తగ్గినదో కొలిచి చిత్రముగా వ్రాయించెను. 1942లో తన పద్ధతిని లోకమునకు తెలిపెను. ఆ చిత్రములందు మెదడు మధ్యనున్న ద్రవపు కుహరముల ఆకారము కనబడుచున్నదని ఆయన నమ్మెను. వైద్యలోకము ఆశ్చర్యపడెను. పదియేండ్లు గడచిన పిమ్మట జర్మనీలోను అమెరికాలోను కొందరు దానిని తిరిగి పరీక్షించిరి. మెదడు లేని వట్టి పుఱ్ఱెను నీటిలో నుంచి చూచినను ఇంచుమించు అట్టి చిత్రములే వచ్చెను! ఎముక యొకచోట పలుచన, ఒకచోట దళసరి. ఆ భేదమే చిత్రమున కుహరములవలె కనబడినది గాని, అవి నిజముగా మెదడు కుహరములు కావు. ఇందుకు డస్సిక్‌ను పరిహసించుట న్యాయము కాదు. తలలోనికి ధ్వనితో చూడవచ్చునను మాటను మొదట ధైర్యముతో పలికినవాడు ఆయనయే. సాక్షిని నమ్ముటకు ముందు వట్టి పుఱ్ఱెను కూడ అదే ప్రశ్న అడిగి చూడవలెనను సంగతి మాత్రము ఆయన పనివలననే లోకమునకు తెలిసినది.

ఎముక ధ్వనిని చాలవరకు మ్రింగివేయును, చెదరగొట్టును. పసిపిల్లల విషయము వేరు. తల్లులు నూనె అద్దు ఆ మెత్తని మాడు ఇంకను ఎముకగా గట్టిపడలేదు గనుక, ఆ ద్వారమునుండి అతిధ్వని సులువుగా లోపలికి పోవును. నెలలు నిండక పుట్టిన శిశువుల మెదడును నేటికిని ఆ దారినే పరీక్షించుచున్నారు. పెద్దవారి తలలో అట్టి ద్వారము లేదు. శస్త్రవైద్యుడు పుఱ్ఱెను తెరచినపుడే అది ఏర్పడును. 1950లో అమెరికాలోని మినియాపొలిస్ నగరమున ఫ్రెంచ్, వైల్డ్, నీల్ అను మువ్వురు, మరణించినవారి మెదళ్ళపై ప్రయోగములు చేసి, కణితి యున్న భాగమునుండి వచ్చు ప్రతిధ్వని వేరుగా నుండునని చూపిరి. నాటి యంత్రము తెరపై కొన్ని నిలువుగీతలను మాత్రమే చూపెడిది. కదలుచున్న చిత్రమును వెంటవెంటనే చూపగల యంత్రములు శస్త్రచికిత్సశాలలోనికి వచ్చుటకు మరి ముప్పదియేండ్లు పట్టినది.

ఈ యంత్రము పనిచేయు తీరు కష్టమైనది కాదు. లోతైన నూతిలో రాయి వేసి, చప్పుడు ఎంతసేపటికి వినబడునో లెక్కించి లోతు ఊహించువారు కలరు కదా! ఇదియు నట్టిదే. చేతిలో ఇముడు ప్రోబు అను సాధనమును శుభ్రమైన తొడుగుతో కప్పి వరాశికపైననో, మెదడుపైననో మెల్లగా ఆనింతురు. అది చిన్న ధ్వనితునకను లోనికి పంపి, ఊరకుండి, తిరిగివచ్చు ప్రతిధ్వనులను వినును. మెత్తని కణజాలములో ధ్వని క్షణమునకు 1540 మీటర్లు పోవునని యంత్రము తలచును. ఒక చిన్న లెక్క చేసి చూడుడు. నాలుగు సెంటీమీటర్ల లోతుననున్న వస్తువునుండి ప్రతిధ్వని రావలెనన్న, ధ్వని పోయిరాగా ఎనిమిది సెంటీమీటర్లు నడువవలెను. దానికి పట్టు కాలము క్షణములో పదిలక్షల వంతులందు 52 వంతులు మాత్రమే. ఇంత సూక్ష్మకాలమును యంత్రము తప్పక కొలుచును. పలుదిక్కులనుండి వచ్చిన ప్రతిధ్వనులను చేర్చి, రెప్పపాటులో తెరపై చిత్రము నిలుపును.

ఆ చిత్రమున ద్రవముతో నిండిన కుహరములు నల్లగా నుండును. ద్రవమునుండి ప్రతిధ్వని రాదు గదా. మెదడు బూడిదవన్నెలో నుండును. గ్లయోమా కణితులు సాధారణముగా దానికంటె తెల్లగా మెరయును. కంపనముల సంఖ్య పెరిగినకొలది చిత్రము సన్నని వివరములను చూపును. క్షణమునకు కోటి కంపనములు గల ధ్వనియందు ఒక తరంగము పొడవు మిల్లీమీటరులో ఆరవవంతుకంటె తక్కువ. కాని అట్టి ధ్వని లోతునకు పోలేదు, దారిలోనే అలసిపోవును. లోతుగా చూడవలెనన్న కంపనములు తగ్గించుకొనవలెను. అపుడు సన్నదనము పోవును. రెండును ఒక్కసారి దొరకవు.

ఇక ముఖ్యమైన ప్రశ్న: ఈ సాక్షి చెప్పునది ఎంతవరకు నిజము? తెరపై తెల్లగా కనబడినదెల్ల కణితియేనా? కనబడనిచోట కణితి లేనట్లేనా? నార్వే దేశమున ట్రోండ్‌హైమ్ నగర వైద్యులు ఈ విద్యయందు చాలకాలముగా కృషి చేసినవారు. తమ ప్రియమైన యంత్రమును తామే బోనెక్కించి ప్రశ్నించుట వారి గొప్పతనము. గ్లయోమాలలో మిక్కిలి క్రూరమైన గ్లయోబ్లాస్టోమా గల రోగులకు చికిత్స చేయుచు, గుంట గోడలనుండి చిన్నచిన్న తునకలు తీసిరి. ఒక్కొక్క తునక తీసినచోట అతిధ్వని చిత్రము ఏమి చెప్పినదో వ్రాసికొనిరి. పిదప ఆ తునకలను సూక్ష్మదర్శిని క్రింద పరీక్షింపజేసి, రెండింటిని పోల్చి, 2008లో ఫలితములు ప్రకటించిరి.

కణితిని తీయుటకు ముందు సాక్ష్యము ఘనముగా నుండెను. నిజముగా కణితి యున్న తునకలలో నూటికి 95 చోట్ల చిత్రము కణితి యనియే చెప్పినది. కణితి లేని తునకలలో నూటికి 95 చోట్ల లేదనియే చెప్పినది. చికిత్స నడుమ తీసిన తునకలలో, కణితి యున్నవానిని గుర్తించుట 87కు దిగినది. లేనిచోట లేదని చెప్పుట మాత్రము 42కు పడిపోయినది. అనగా ఆరోగ్యమైన చోట్లలో సగముకంటె ఎక్కువవానిని కణితి యని చిత్రము చూపినదన్నమాట. ఆ మాట నమ్మి కోసినచో తాత మనుమని పేరు మరచును. చికిత్స చివరకు వచ్చుసరికి సంగతి తలక్రిందులైనది. లేనిచోట లేదని చెప్పుట మరల 88కి పెరిగినది గాని, మిగిలియున్న కణితిని గుర్తించుట నూటికి 26 మాత్రమే.

ఒకే యంత్రము, వారే వైద్యులు. రెండుమూడు గంటలలో ఇంత మార్పు ఎట్లు వచ్చినది? చివరి అంకెకు కారణము కొంతవరకు స్పష్టమే. తెరపై తెల్లగా కనబడినదంతయు తీసివేసిన తరువాత మిగులునది ముద్దకాదు. ఆరోగ్యమైన మెదడులో అక్కడక్కడ చెదరిన కణములు. రాశి ఎత్తిన కళ్ళములో నేలబారున రాలిన గింజలవంటివి. వానిని చూపుటకు అతిధ్వని చాలదు. నడిమి అంకెకు కారణము మరింత చిత్రమైనది.

కణితిని తీయగా ఏర్పడిన గుంటలో గాలి యుండరాదు. గాలిలో ఈ ధ్వని నడువజాలదు. కావున వైద్యుడు గుంటను శుభ్రమైన ఉప్పునీటితో నింపి, ఆ నీటినుండి చూచును. రోగి తలను ముందే తగినట్లు అమర్చి గుంట నోరు పైకి ఉండునట్లు చేయనిచో నీరు నిలువదు. యంత్రమునకు ఒక అలవాటు కలదు. ధ్వని లోతునకు పోయినకొలది క్షీణించునని దానికి తెలియును గనుక, లోతునుండి వచ్చు ప్రతిధ్వనులను దూరమునుబట్టి పెంచి చూపును. ధాన్యము కొలుచునపుడు తరుగు క్రింద కొంత చేర్చి లెక్కగట్టుట వంటిదిది. మెదడులో ఆ లెక్క సరిపోవును. ఉప్పునీటిలో ధ్వని దాదాపు క్షీణింపనే క్షీణింపదు. తరుగు లేనిచోట కూడ తరుగు చేర్చినచో రాశి ఉన్నదానికంటె ఎక్కువగా తేలును. గుంట అడుగుననున్న ఆరోగ్యమైన మెదడు అట్లే లేని తెలుపుతో మెరసి, మిగిలిపోయిన కణితివలె భ్రమింపజేయును. గుంట ఎంత లోతైనదో భ్రమ అంత గట్టిది. దూరపు లెక్కలో మాత్రము పెద్ద తప్పు రాదు. గది వేడిమిలో ఉప్పునీట ధ్వనివేగము సుమారు 1500 మీటర్లు. నాలుగు సెంటీమీటర్ల నీటికి యంత్రము పడు పొరపాటు ఒక మిల్లీమీటరు మాత్రమే. చోటు చెప్పుటలో సాక్షి నికరమైనవాడే. రంగు చెప్పుటలో మోసపోవుచున్నాడు.

ఇది కాక గడ్డకట్టిన రక్తము తెల్లగా కనబడును. నెత్తురు నిలుపుటకు ఉంచిన పదార్థము తెల్లగా కనబడును. కణితి చుట్టునున్న వాపు సైతము కొంత తెల్లబారును. ఒక్క గాలిబుడగ నిలిచినను దాని వెనుక నంతయు నీడయే. నూతి గట్టున నిలిచి క్రిందికి చూచువానికి అడుగుననున్న నీరు కనబడును గాని ప్రక్కగోడలలోని గూళ్ళు సరిగా కనబడవు. ప్రోబు పంపు ధ్వనియు అట్లే. తనకు అడ్డముగా నున్న అంచునుండి చక్కగా తిరిగివచ్చును, తనవెంట నిలువుగా పోవు గోడనుండి సరిగా తిరిగిరాదు.

తప్పు తెలిసినచో దిద్దుకొను మార్గములు తోచును. ట్రోండ్‌హైమ్ పరిశోధకులు ఉప్పునీటికి బదులుగా, మెదడువలెనే ధ్వనిని క్షీణింపజేయు ద్రవమును తయారుచేసి, దానిని గుంటలో నింపి చూచిరి. తరుగులెక్క సరిపడి, అడుగున కనబడు దొంగతెలుపు తగ్గినది. కొందరు మిక్కిలి చిన్న ప్రోబును గుంటలోనికే దింపి గోడకు దగ్గరగా చూతురు. నడుమ నీరు తగ్గినకొలది భ్రమయు తగ్గును. మరికొందరు రెండు దిక్కులనుండి చూచి, ఒకదానిలో కనబడినది రెండవదానిలోను కనబడినపుడే నమ్ముదురు. అన్నిటికంటె ముఖ్యమైనది వరాశికను కోయకముందే ఒకసారి నిదానముగా చూచి చిత్రమును భద్రపరచుట. నూటికి 95 నిజము చెప్పిన ఘడియ అదియే. తరువాత కనబడు ప్రతి తెల్లమచ్చను ఆ మొదటి చిత్రముతో పోల్చవలెను. మొదట లేనిచోట క్రొత్తగా పుట్టిన తెలుపు కణితి కాజాలదు. అది నెత్తురో, వాపో, యంత్రపు భ్రమయో కావలెను.

ఇంత శ్రమపడుటకంటె చికిత్స నడుమ ఎం.ఆర్.ఐ. తీయరాదా యని అడుగవచ్చును. తీయవచ్చును. 1994లో బోస్టన్ నగరమున అట్టి శాల ఏర్పడినది. దాని చిత్రములు విశాలమైనవి, స్పష్టమైనవి. కాని ఆ శాలకు అయిదారు అతిధ్వని యంత్రముల ఖరీదు కాదు, అంతకు ఎన్నో రెట్లు పట్టును. అయస్కాంతమునకు పనికివచ్చు పనిముట్లు కావలెను. ఒక్కొక్కసారి చిత్రము తీయుటకు చికిత్సను చాలసేపు ఆపవలెను. అతిధ్వని యంత్రమును మంచము ప్రక్కకు త్రోసికొని వచ్చి, ఎన్నిసార్లు కావలసిన అన్నిసార్లు నిమిషములో చూడవచ్చును. మన దేశమువంటి దేశమున ఇది చిన్న సంగతి కాదు. ముంబయిలోని టాటా మెమోరియల్ సెంటరు వైద్యులు 2010ల దశకమున మూడు కొలతల అతిధ్వని చిత్రమును మార్గదర్శక యంత్రముతో జోడించి కణితులను తీసి, తమ అనుభవములను ప్రకటించిరి.

ఒక్క విషయము మాత్రము ఏ చిత్రమును చెప్పజాలదు. తెల్లగా కనబడు ఆ చోటు రోగి మాటాడుటకు అవసరమైనదా కాదా యనునది ప్రతిధ్వనికి తెలియదు. అందుకై వాక్కు స్థానమునకు సమీపముననున్న కణితులను తీయునపుడు వైద్యులు కొన్నిచోట్ల రోగిని మేలుకొలిపియే యుంచి, బొమ్మలు చూపి పేర్లు చెప్పింతురు. మెదడునకు కోత నొప్పి తెలియదు. రోగి "పిల్లి", "గొడుగు", "కొడవలి" అనుచు చెప్పుచుండును. వైద్యుడు సన్నని విద్యుత్తును ఒకచోట తాకింపగా మాట తడబడినచో, తెర ఎంత తెల్లగా నున్నను ఆ చోట కత్తి ఆగును.

చివరకు గుంటలో ద్రవము నింపి, బుడగలు పోవువరకు వేచి, మరియొకసారి చూతురు. అనుమానము తీరనిచోటినుండి గోరుకొసంత తునక తీసి సూక్ష్మదర్శిని పరీక్షకు పంపుదురు. పిమ్మట వరాశికను కుట్టి, పుఱ్ఱెముక్కను దాని చోట నమర్చి బిగింతురు. రెండుమూడు దినములలోగా రోగికి మరల ఎం.ఆర్.ఐ. తీసి, శాలలో తెర చెప్పినదానికి ప్రక్కన దానిని పెట్టి చూతురు.